ముందే వచ్చిన అతిథి

చెక్ దేశం నుంచి ప్రొఫెసర్ యారోష్ వస్తున్నాడని తెలిసిన రోజు నుంచి మా హిందూపురం కాలేజీలో ఒకటే చర్చ, ఆయన్ని ఎక్కడ దించాలని. పట్టు నేత చరిత్ర మీద పుస్తకాలు రాసినవాడు. తెలుగు నేర్చుకున్నవాడు. లాడ్జి వద్దు, మగ్గం ఉన్న ఇంట్లో రెండు రోజులు ఉంటానని ఆయనే మెయిల్ పెట్టాడు. నేను అక్కడ చరిత్ర లెక్చరర్‌ని. మా అత్తగారిల్లు ధర్మవరం. ఇప్పటికీ ఇంట్లో మగ్గం ఆడుతుంది. కాబట్టి మా ఇంటికే రమ్మన్నాను.

అత్తామామలు కదిరిలో పెళ్లికి పోయారు. ఇంట్లో నేను, మా ఆయన అమర్‌నాథ్, ఆయన అవ్వ హనుమంతమ్మ. అవ్వకు ఎనభై దాటాయి. కళ్లకు పొర కమ్మింది. అయినా అతిథి వస్తున్నాడంటే పొద్దున్నించీ వంటింట్లోనే కూర్చుని ఓళిగలు తట్టించింది నా చేత.

బెంగళూరు నుంచి వచ్చే కారు డ్రైవరుకి దారి తెలియదని, సాయంత్రం అమర్‌నాథ్ బైకు మీద పెనుకొండకు ఎదురెళ్లాడు. ఆరున్నర అయ్యేసరికి వాన మబ్బు కమ్మి వీధంతా బూడిద రంగుకు తిరిగింది. లైటు వేద్దామని లేచాను.

గడప బయట ఆయన నిలబడి ఉన్నాడు.

కాలేజీ ఫ్లెక్సీలో చూసిన ముఖమే. తెల్ల గడ్డం, గుండ్రటి కళ్లద్దాలు. చేతిలో బ్యాగు లేదు.

"అమర్‌నాథ్ యాడ సార్?" అన్నాను కంగారుగా.

"ఎనకాల వస్తాండాడు" అన్నాడు.

మా మాట అంత చక్కగా పలికేసరికి ముచ్చటేసింది. లోపలికి రమ్మని చెయ్యి చూపించాను. ఆయన కదల్లేదు. నా భుజం మీదుగా అవ్వ వైపే చూస్తున్నాడు.

"ఎవురప్పా అది? గడప బయట నిలబడితే ఎట్ల? లోపలికి రాప్పా" అంది అవ్వ.

అప్పుడు వచ్చాడు.

మగ్గం వైపు చూడనైనా లేదు. కుర్చీ వేస్తే వద్దని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆకలిగా ఉందన్నాడు. విస్తరాకు వేశాను. వడ్డించేది నేనేనని అవ్వ పట్టుబట్టి, తడుముకుంటూ వచ్చి ఆయన ఎదురుగా గిన్నెలు పెట్టుకుని కూర్చుంది.

అన్నం, పప్పు, గుత్తొంకాయ. చేత్తో కలిపి తిన్నాడు. ముద్ద మీద ముద్ద. నమిలే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. "ఇంకొంచెం" అనేవాడు. అవ్వ పెట్టేది. "ఇంకొంచెం." నలుగురికి వండిన అన్నం సగం దాటింది. ఆయన నుంచి ఏదో వాసన... ఎండిన గడ్డి మీద మొదటి చినుకు పడితే వచ్చే వాసన. బయట ఇంకా వాన మొదలు కాలేదు.

ఫోను మోగింది. అమర్‌నాథ్. వంటింటి గుమ్మంలోకి వెళ్లి ఎత్తాను.

"సుధా, కారు టైరు పంక్చరైంది. ఇంకా పెనుకొండలోనే ఉండాం. సారు ఈడ టీ తాగుతాండాడు. గంట పడుతుంది."

"ఏ సారు?"

"ఏ సారేంది? యారోష్ సారు. ఉండు, ఇస్తా."

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. "నమస్కారమండీ సుధారాణి గారు. ఆలస్యమునకు క్షమించవలెను."

పుస్తకాల తెలుగు. ఒక్కో అక్షరం విడివిడిగా.

ఎదురుగా ఆయన వీపు కనిపిస్తోంది. వంగుతోంది, లేస్తోంది. తింటున్నాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అమర్‌నాథా? నిదానంగా రమ్మనమ్మా. తొందరేం లేదు."

ఫోను పెట్టేశాను. గోడ పట్టుకుని అవ్వ వెనక్కి చేరాను. చెవి దగ్గర గుసగుసగా, "అవ్వా... లేయి. బయటికి పోదాం" అన్నాను.

"తినేటోని ముందు నుంచి లేయగూడదు" అంది అవ్వ.

"అవ్వా... ఈయన ఆయన కాదు..."

విస్తరాకు మీద చెయ్యి ఆగింది.

"వదినా, ఇంకొంచెం పెట్టు."

అవ్వ గరిటె ఆపింది.

"తిరుపాలా?"

"ఆ పొద్దు అన్నం అయిపోయిందంటివి గదా."

అవ్వ ఏడవలేదు. గిన్నె వంచి, అడుగంటినది కూడా గీకి ఆకులో వేసింది. "ఇంగ లేదప్పా" అంది. "ఈసారి నిజంగానే లేదు."

"తెలుసులే."

ఆ నాలుగు మెతుకులూ తిని లేచాడు. గడప దాటి ఆగాడు. వీధి దీపం వెలుగు ఆయన మీద పడుతోంది. అయినా ముఖం కనిపించలేదు.

"నీ ఇంట్లో తింటి. ఇంగ నువ్వు మా ఇంటికి రా వదినా. నీకూ పెడతా."

అవ్వ నోటికి నా చెయ్యి అడ్డం పెట్టాలనుకున్నాను. ఆలస్యమైంది. ఇంటికొచ్చి పిలిచిన ఎవరికైనా చెప్పేటట్టే చెప్పేసింది.

"వస్తాలేప్పా."

తరువాత తలుపు మూసి, అవ్వను పట్టుకుని కూర్చున్నాను. అవ్వే చెప్పింది. తిరుపాలు ఆమె మరిది. అన్నదమ్ములు కొట్లాడి వేరుపడ్డాక ఒక కరువు ఏడాది మిట్టమధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చుని అన్నం అడిగాడట. మొగుడికి భయపడి, కుండలో కొర్రన్నం ఉండగానే అయిపోయిందని చెప్పిందట. మూడో రోజు పెనుకొండ కొండ కింద శవమై దొరికాడు. "కడుపులో ఏమీ లేదంట సుధా" అంది.

ఎనిమిదిన్నరకు కారు వచ్చింది. అసలు యారోష్ గడపలోనే చెప్పులు విడిచి చేతులు జోడించాడు. పాపం, మంచి మనిషి. ఏమీ చెప్పకుండా గబగబా ఉప్మా చేసి పెట్టాను. ఆయన ప్లేటు వైపు చూసి, సిగ్గుపడుతూ పక్కకు జరిపాడు.

"మన్నించవలెను. ఎందువలననో పెనుకొండ నుండి నా కడుపు మిక్కిలి నిండియున్నది."

హిందూపురంలో మర్నాడు గంటసేపు చక్కగా మాట్లాడాడు. ఉన్న రెండు రోజులూ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మా ఆతిథ్యాన్ని పొగుడుతూ వెళ్లిపోయాడు.

ఇది జరిగి నాలుగు నెలలు. అప్పటి నుంచి అవ్వ ఇంట్లో ఒక్క ముద్ద తినలేదు. పిలిస్తే "తినొస్తినే" అంటుంది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, మనిషి ఆరోగ్యంగా ఉందన్నాడు. నిజమే. బుగ్గలు కూడా నిండాయి. రాత్రిళ్లు అవ్వ పక్కలోనే పడుకుని, తలుపుకు తాళం వేసి, ఆమె చెయ్యి నా చేతిలో పెట్టుకుని నిద్రపోతున్నాను.

పొద్దున లేచి చూస్తే ఆ వేళ్లకు మెతుకులు అంటుకుని ఉంటాయి. కొర్రన్నం మెతుకులు. మా ఇంట్లో కొర్రలు వండి ముప్పై ఏళ్లు దాటిందని మా అత్త అంటుంది.

ఈ రోజు ఆ మెతుకులు ఇంకా వెచ్చగా ఉన్నాయి.