నలభై నిమిషాల పట్టు

నది వంతెన మీదుగా పారిన ఏడు అది.

భూగర్భ రైల్వే స్టేషన్ మునిగింది. నీళ్ళు తోడడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఉదయం పదకొండింటికి పోలీసులు దిగేసరికి, ప్లాట్‌ఫారం కింది పంపు గదిలో ఆపరేటర్ శవం కనిపించింది.

పక్కనే మందు సీసా.

"తాగి పడుకున్నాడు సార్," అన్నాడు సూపర్‌వైజర్. "నీళ్ళ మధ్య ఉండి కూడా నీళ్ళు కలపకుండా తాగే రకం!"

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

మెట్ల మీద ఆపరేటర్ భార్య. ఒళ్ళో బడి సంచీతో పదేళ్ళ కూతురు.

"ఆయన చుక్క ముట్టరు సార్. మొదటి రోజు నుంచీ ఈ సూపర్‌వైజర్ ఊరంతా ఇదే చాటుతున్నాడు. తాగుబోతు కూతురంటున్నారని పిల్ల బడి గేటు నుంచే తిరిగొచ్చేసింది. ఆయన ఎలాగూ రారు. ఆ మాటొక్కటి తీసెయ్యండి."

ఇన్‌స్పెక్టర్ సూపర్‌వైజర్ వైపు తిరిగాడు.

"ఇవాళ ముందు దిగిందెవరు?"

"నేనే. పదింటికి. స్టేషన్ తాళం నా దగ్గరే."

"వరద రోజు పంపు నడిచిందా?"

"నాలుగూ పది నుంచి నాలుగూ యాభై దాకా. చివరి బండి జనం మెట్లెక్కాక ఆగిపోయింది."

"తాగి పడుకుంటే నడిపిందెవరు?"

"ఆటోమేటిక్ సార్. నీళ్ళు పెరిగితే ఫ్లోట్ బంతి పైకి తేలుతుంది, పంపు తిరుగుతుంది."

ఇన్‌స్పెక్టర్ శవం అరచెయ్యి విప్పి చూశాడు. అడ్డంగా లోతైన గాటు.

ఫ్లోట్‌కు కట్టిన తీగ పట్టుకుని బలంగా పైకి లాగాడు. పంపు గర్జించింది. వదిలాడు. ఆగింది.

"ఫ్లోట్ బిగుసుకుపోయింది. చేత్తో లాగి పట్టుకుంటేనే పంపు. ఎన్నాళ్ళుగా?"

ఇన్‌స్పెక్టర్ సీసా అందుకున్నాడు.

"ఆపరేటర్ జేబులో గుర్తింపు కార్డు నాని ముద్దయింది. ఈ సీసా మీద కాగితం చెక్కుచెదరలేదు. మూడు రోజులు మునిగిన సీసా కాదిది. పదింటికి నువ్వు తెచ్చి పెట్టావు."

సూపర్‌వైజర్ తాళాలు తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. "నెలయింది సార్. బాగానే ఉందని సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని..."

"పైకి వచ్చెయ్యొచ్చుగా ఆయన?" అంది భార్య.

"వదిలితే పంపు ఆగుతుందమ్మా. మెట్ల నిండా జనం."

"పైన ఆయన కోసం మేమూ ఉన్నాం కదా సార్!"



మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ యూనిఫాంలో ఆ పిల్లను బడికి తీసుకెళ్ళాడు. వాళ్ళ నాన్న ఏం చేశాడో గేటు దగ్గర అందరూ వినేలా చెప్పాడు.

పిల్ల అతని అరచేతిలో నిన్నటి తీగ గీసిన ఎర్రటి చార చూసింది.

"నొప్పిగా ఉందా?"

"కొంచెం."

"నాన్నకీ కొంచెమేనా?"

ఇన్‌స్పెక్టర్ సంచీ పిల్ల భుజానికి తగిలించి లోపలికి పంపాడు. గంట కొట్టేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు.