దివాన్ కింద కొస

పట్టు తివాచీల గురించి నాకు తెలిసినంత ఈ ఫిల్మ్‌నగర్‌లో ఇంకొకడికి తెలియదు. గొప్ప కోసం అనడం లేదు, ఉన్నమాటే. ఇరవై రెండేళ్ళు సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేశాను. జమీందారు బంగళా సెట్ వేస్తే తివాచీలు అద్దెకు తేవడం, వాటి మీద ఒలికిన కాఫీలూ కుంకుమలూ ఉత్తుత్తి రక్తాలూ వదలగొట్టి వెనక్కి పంపడం నా పని. నడుం పట్టేశాక సెట్లు మానేసి, ఇళ్ళకు వెళ్ళి శుభ్రం చేసి వస్తున్నాను. నా పేరు తిరుమలేశ్. యూసుఫ్‌గూడలో మా సందులో ఎవర్నడిగినా ఇల్లు చూపిస్తారు.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, అంత ఖరీదు పెట్టి కొన్న తివాచీని జనం బాత్రూమ్ బ్రష్షుతో రుద్దుతారు. వేడినీళ్ళు పోస్తారు. పట్టుకి నూగు ఒకే వైపు వాలి ఉంటుందమ్మా, పిల్లి వీపు నిమిరినట్టు ఆ వాలుకే తుడవాలమ్మా అంటే నవ్వుతారు. ఆ వాలు వల్లే పట్టు తివాచీ ఒక వైపు నుంచి చూస్తే తళతళలాడుతుంది, ఎదురు వైపు నుంచి చూస్తే నల్లగా కనిపిస్తుంది. నల్లగా కనిపించే వైపు నిలబడితే దాని మీద పిచ్చుక నడిచినా అడుగు తెలుస్తుంది. మెరిసే వైపు ఉన్నవాళ్ళకి ఏనుగు నడిచినా తెలియదు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరి బుర్రకీ ఎక్కదు.

శ్రావణంలో ఒక పొద్దున్న నిహారిక గారు ఫోన్ చేశారు. కొండ వాలులో, బండరాళ్ళ మధ్య కట్టిన పాత ఇల్లు వాళ్ళది. భర్త సుహాస్ గారు డబ్బింగ్ స్టూడియో నడుపుతారు. వాళ్ళ బాబు విహారికి ఆరో నెల, మర్నాడే అన్నప్రాశన. హాల్లో ఉన్న పాత కాశ్మీరు పట్టు తివాచీ మీద వాణ్ణి కూర్చోబెట్టి, ఎదురుగా పుస్తకం, పెన్ను, బంగారం, మట్టి పెడితే దేన్ని ముట్టుకుంటాడో వీడియో తీయాలని ఆవిడ ముచ్చట. "మీరే వచ్చి చేయాలండీ, ఇంకెవరి మీదా నమ్మకం లేదు" అన్నారు. నేను పొంగిపోయాను.

తివాచీ మంచిదే. తొమ్మిది అడుగులు పొడుగు. ఒక కొస మీద టేకు దివాన్ ఉంది, అడుగున్నర మేర దాని కిందే ఉండిపోయింది. మిగతాదంతా కిటికీ ఎండకి వెలిసిపోయింది. దివాన్ మీద సుహాస్ గారి తల్లి, పుష్పవల్లి గారు కూర్చుని ఉన్నారు. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి. నిహారిక గారు బాబుతో లోపలికి వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచారు.

"బాబూ, ఉతుక్కో, ఏమైనా చేసుకో. అయ్యాక ఈ కొసని మళ్ళీ దివాన్ కిందికే పెట్టు. మరిచిపోకు."

"అలాగేనమ్మా" అన్నాను. పెద్దవాళ్ళకి ఇలాంటి పట్టింపులు ఉంటూనే ఉంటాయి.

డ్రైవర్ ఓంప్రకాష్, నేనూ కలిసి దివాన్ జరిపాం. "గింత బరువుందేందన్నా? నేనొచ్చి ఎనిమిదేండ్లాయె, దీన్ని కదిపింది చూడలే" అన్నాడు వాడు. కింద కొస బయటపడింది. ఎరుపు, నీలం, పచ్చ... నిన్న నేసినట్టున్నాయి. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. నూగులో నాలుగు గుంటలు. ముందు రెండు చిన్న అరచేతులు. వెనక రెండు మోకాళ్ళు. గోడ వైపు మొహం పెట్టి ఓ పసివాడు పాకుతూ పాకుతూ ఆగినట్టు.

దివాన్ కోళ్ళు నొక్కుకుని ఉంటాయిలే అనుకున్నాను. కోళ్ళు ఎక్కడున్నాయో, ఇవి ఎక్కడున్నాయో చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

దుమ్ము తీశాను. తెల్లగుడ్డ తడిపి అద్ది రంగు దిగదని చూసుకున్నాను. పలచటి కుంకుడు రసంతో వాలుకి తుడిచి, చల్లటి నీళ్ళ గుడ్డతో అద్ది, ఫ్యాన్లు పెట్టాను. ఆ గుంటల్ని బ్రష్‌తో లేపాను. నూగు చక్కగా లేచింది. భోజనం చేసి వచ్చి చూస్తే మళ్ళీ నాలుగు గుంటలూ ఉన్నాయి. మళ్ళీ లేపాను. తడి మీద అలా అవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అలా అవదు. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ అవలేదు.

సాయంత్రం పరిచే వేళకి పుష్పవల్లి గారు మందు వేసుకుని లోపల గదిలో పడుకున్నారు. ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. తివాచీని ఆర్నెల్లకోసారి ఆ కొస ఇటూ ఈ కొస అటూ తిప్పి వేయడం మా పనిలో మొదటి నియమం. లేకపోతే ఒకే కొస అరిగి, ఒకే కొస వెలిసి చస్తుంది. వెలిసిన కొసని దివాన్ కిందికి తోసి, కొత్తగా మెరుస్తున్న కొసని హాల్లోకి తిప్పాను. నిహారిక గారు చప్పట్లు కొట్టారు. ముసలావిడ మాట గుర్తుంది నాకు. గుర్తుండే చేశాను. పనితనం ముందు పట్టింపులేంటని నా పొగరు.

మర్నాడు నూగు చివరిసారి దువ్వడానికి తొమ్మిదింటికే వెళ్ళాను. బయట సన్నగా వాన. హాల్లో పాతికమంది బంధువులు, నెయ్యి వాసన, మల్లెల వాసన. వాటి కింద ఇంకో వాసన తగిలింది నాకు. ఏళ్ళ తరబడి తెరవని పెట్టె తెరిస్తే వచ్చే వాసన. ఇంకెవరూ పట్టించుకోలేదు.

చుట్టాలందరూ హాలు వైపు, మెరిసే వైపు కూర్చున్నారు. నేను పనివాణ్ణి కాబట్టి అటు చివర, నల్లగా కనిపించే వైపు, దివాన్ పక్కన నిలబడ్డాను. పుష్పవల్లి గారు దివాన్ మీదే ఉన్నారు. తివాచీ వైపు ఒకసారి చూసి, నా వైపు చూశారు. తిట్టలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది.

పురోహితులు పరబ్రహ్మం గారు మంత్రం చదివారు. సుహాస్ గారు బంగారు ఉంగరంతో పరమాన్నం నాకించారు. విహారి ఊరుకుంటాడా, రెండు చేతులూ గిన్నెలో పెట్టేశాడు. మోచేతుల దాకా నెయ్యి. అందరూ నవ్వారు. నాకు మాత్రం పట్టు మీద నెయ్యి పడితే ఎలారా దేవుడా అని ప్రాణం కొట్టుకుంది. చేతులు తుడిచేలోపే వాణ్ణి నేను హాల్లోకి తిప్పిన ఆ కొస మీద దించేశారు. మధ్యలో పళ్ళెంలో పుస్తకం, పెన్ను, బంగారం, మట్టి.

వాడింకా పాకే పిల్లాడు కాదు. బోర్లా పడతాడంతే. మొన్నటిదాకా బోర్లా పడితే మళ్ళీ వెల్లకిలా తిరగడం కూడా రాదని నిహారిక గారే చెప్పారు.

వాడి పక్కన, జానెడు దూరంలో, నూగులో ఒక అరచెయ్యి పడింది.

అక్కడ ఎవరూ లేరు. నేను కళ్ళు నులుముకున్నాను. రెండో అరచెయ్యి పడింది. ఒక మోకాలు. ఇంకో మోకాలు. విహారి అటు తిరిగి చూశాడు. నవ్వాడు... ఎవరో తెలిసినవాళ్ళని చూసి నవ్వినట్టు. చేతులు ఆనించి, నడుం లేపి, పాకడం మొదలుపెట్టాడు.

"అమ్మో, పాకుతున్నాడే. నిహారికా, చూడవే" అని ఎవరో ఆడవాళ్ళు మురిసిపోయారు. ఫోన్లు లేచాయి.

వాడు కదిలితే పక్క గుర్తులూ కదులుతున్నాయి. వాడు ఆగితే ఆగుతున్నాయి. రెండు వరసలు. ఒకటి నెయ్యితో తడిగా. ఒకటి పొడిగా. రెండూ నా వైపే... దివాన్ వైపే వస్తున్నాయి.

"నీకూ కనబడుతోందా బాబూ?" పుష్పవల్లి గారు గుసగుసగా అడిగారు.

తల ఊపాను.

"సుహాస్ కంటే ముందు నాకో కొడుకు. ఇలాగే పాకుతూ దివాన్ కిందికి దూరాడు. వంగి చూస్తే లేడు. పనిమనిషి ఎత్తుకుపోయిందని పోలీసులు రాసుకున్నారు. నేను కళ్ళారా చూశానంటే మా ఆయన కూడా నమ్మలేదు." ఆవిడ దివాన్ అంచు తడిమారు. "ఆ కొస నలభై ఏళ్ళు కదపనివ్వలేదు. వాడు వెతుక్కుంటున్నాడు... వాడి చోటు."

విహారి పళ్ళెం దగ్గరికి వచ్చాడు. పుస్తకం వైపు చూడలేదు. బంగారం వైపు చూడలేదు. దాటేశాడు.

"బాబుని తీసేయండి" అన్నాను. ఎవరూ వినలేదు. మళ్ళీ అన్నాను, "అమ్మా, బాబుని తీసేయండి."

"తివాచీ పాడైతే పాడవనివ్వండి తిరుమలేశ్ గారూ, మళ్ళీ మీరే ఉన్నారుగా" అని నిహారిక గారు నవ్వారు. అందరూ నవ్వారు. వాళ్ళకి కనబడేది తళతళలాడే పట్టు, దాని మీద ముద్దొచ్చే పిల్లాడు. ఎవరికి ఏమని చెప్పను?

మూడడుగులు. రెండు. దివాన్ కింద చీకట్లోంచి ఆ పాతపెట్టె వాసన గుప్పుమంది. రెండు వరసలూ దగ్గరికి జరిగాయి. దగ్గరగా... ఒకదాని మీద ఒకటి పడేంత దగ్గరగా. విహారి తల దివాన్ అంచు కిందికి వంగింది.

నేను దూకాను. పళ్ళెం ఎగిరిపోయింది. రెండు చేతులతో పిల్లాణ్ణి పట్టుకుని లాగి, గుండెలకి హత్తుకున్నాను.

ఇల్లంతా గోల. సుహాస్ గారు నా చేతుల్లోంచి పిల్లాణ్ణి లాక్కుని, "మతి పోయిందా మీకు? శుభమా అని పిల్లాడికి అన్నం పెడుతుంటే ఏంటండీ ఇది?" అన్నారు. పరబ్రహ్మం గారు కళ్ళు మూసుకుని ఏదో శాంతి మంత్రం అందుకున్నారు. బతికించాను, అంతే చాలనుకున్నాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అప్పుడు నా చొక్కా చూసుకున్నాను. ఇస్త్రీ చొక్కా. గట్టిగా హత్తుకున్న పిల్లాడి చేతులు మోచేతుల దాకా నెయ్యి. చొక్కా మీద ఒక్క మరక లేదు.

తల్లి భుజం మీద ఉన్న పిల్లాడి చేతులు చూశాను. పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. తివాచీ వైపు చూశాను. పొడి వరస నా కాళ్ళ దగ్గర ఆగిపోయింది. నెయ్యి వరస ఆగలేదు. దివాన్ కిందికి వెళ్ళిపోయింది.

వంగి చూశాను. గచ్చు, గోడ. ఇంకేమీ లేదు.

లేచేసరికి పుష్పవల్లి గారు కోడలి చేతుల్లోని పిల్లాడి వైపే చూస్తున్నారు. వాడూ ఆవిణ్ణే చూస్తున్నాడు. చేతులు చాచాడు. ఆవిడ ఎత్తుకుని, వాడి తల వాసన చూసి, ఏడుస్తూ నవ్వారు. నేను దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి తెలుసు. ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

"అమ్మగారూ, చెప్పండి వాళ్ళకి" అన్నాను.

"నలభై ఏళ్ళు బాబూ" అన్నారు ఆవిడ, నాకు మాత్రమే వినబడేలా. "ఎవరికీ చెప్పకు. నీకు దణ్ణం పెడతాను."

నన్ను బయటికి పంపేశారు. ఓంప్రకాష్ గేటు దాకా వచ్చి, "ఫికర్ చెయ్యకన్నా, రెండ్రోజులైతే మర్చిపోతరు" అన్నాడు. వానలో తడుస్తూ యూసుఫ్‌గూడ దాకా బండి తోసుకుంటూ వచ్చాను. నడపడానికి చేతులు ఆడలేదు. పోలీసులకి చెప్పనా? పిల్లాడు ఇంట్లోనే ఉన్నాడు కదయ్యా అంటారు. ఆ తల్లికి చెప్పనా? ఏ నోటితో చెప్పను, నీ ఒళ్ళో ఉన్నవాడు నీ బిడ్డ కాదని. అన్నం సహించలేదు. మా ఆవిడ అడిగితే జ్వరమన్నాను.

మూడు వారాలకి నిహారిక గారి నుంచి ఫోన్. కోపం పోయినట్టుంది, గొంతు మామూలుగా ఉంది.

"విహారి బాగున్నాడా అమ్మా?" అని అడిగాను.

"బంగారం. ఏడుపే లేదు. అస్తమానం అత్తయ్యగారి దగ్గరే. నా దగ్గరికే రావడం లేదనుకోండి" అని నవ్వారు. "మీకు ఫోన్ చేసింది తివాచీ సంగతి అడుగుదామని. దివాన్ అంచున రోజూ పొద్దున్నే నెయ్యి మరకలు కనిపిస్తున్నాయండీ. ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియడం లేదు. తీస్తే, మర్నాటికి మళ్ళీ ఉంటున్నాయి. పూర్తిగా పోవాలంటే ఏం చేయాలి?"

నేను అడిగాను, "ఎటు వైపు తిరిగి ఉన్నాయమ్మా అవి?"

"బయటికి. హాలు వైపు."

"తీయకండమ్మా" అన్నాను. "మీకు పుణ్యం ఉంటుంది, వాటిని తుడవకండి."

"అయ్యో, రోజూ తుడుస్తూనే ఉన్నానండీ" అన్నారు నిహారిక గారు. "యూట్యూబ్‌లో చూసి పౌడరు చల్లి, తడిగుడ్డతో అద్దుతున్నా. తగ్గుతున్నాయి కూడా. మొదట్లో చిన్న చెయ్యి మొత్తం పడేది, అయిదు వేళ్ళూ. పోయిన వారానికి మూడే. ఇవాళ పొద్దున ఒక్క వేలే ఉంది. అది కూడా ఇప్పుడే తుడిచేశాను."