పిడుగు మెడ మీద ప్లాస్టర్

డాక్టరుగారి గది బయట బెంచీ మీద పిడుగు బుద్ధిగా కూర్చుంది. అమ్మకి అదే వింతగా తోచింది. ఇంట్లోనూ బళ్లోనూ ఆ పేరు ఊరికే రాలేదు, ఒక్కచోట కాలు నిలవని పిల్ల. అలాంటిది మెడదాకా గుండీలు పెట్టుకుని బొమ్మలా కూర్చుంటే ఏ తల్లికైనా అనుమానం రాదూ?

"ఉక్కపోస్తోంది కదే, పై గుండీ తీసుకో."

"నాకేం పొయ్యట్లేదు," అంది పిడుగు, చెమటలు కక్కుతూ.

పిడుగు మెడకి ఒక పక్కన, కాలర్ కింద, గుండుసూది తలంత చిల్లు ఉంది. పుట్టుకతోనే వచ్చింది. నొప్పి లేదు గానీ, అప్పుడప్పుడూ జిగటగా నీరు కారుతుంది. లోపల ఒక సన్నని గొట్టం ఉందనీ, దాన్ని మొత్తం తీసేస్తే పీడ విరగడవుతుందనీ డాక్టరుగారు చెప్పారు. రేపే ఆపరేషన్. గాయం మానాక ఈత పోటీలకి వెళ్లొచ్చు. పిడుగు ఆ పోటీల కోసమే రోజులు లెక్కపెట్టుకుంటోంది.

పోయిన వారం బళ్లో పక్క సీటు పిల్ల, "నీ మెడ తడిగా ఉందేంటే?" అని అడిగింది. పిడుగుకి తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్లి చిల్లు మీద ప్లాస్టర్ అంటించేసింది. నీరు బయటికి రాకపోతే ఎవరూ అడగరు కదా! స్నానం కాగానే ఇంకోటి మార్చేది. "దాన్ని మూయొద్దు, నొక్కొద్దు" అన్న డాక్టరుగారి మాట గాలికొదిలేసింది.

నీరు బయటికి రాలేదు, నిజమే. లోపలే నిలిచిపోయింది. ఈ పొద్దున అద్దంలో చూసుకుంటే ఏముంది, అక్కడ ఎర్రగా గోళీ అంత వాపు! ముట్టుకుంటే సలుపు. చెబితే ఆపరేషన్ వాయిదా పడుతుంది, ఈత పోటీలు పోతాయి. ఎలాగూ రేపు కోసి తీసేస్తారు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుని, దాని మీద మళ్లీ ప్లాస్టర్ అంటించి గుండీ పెట్టేసుకుంది.

లోపల డాక్టరుగారు కాగితం మీద మెడ బొమ్మ గీశారు.

"ఈ చిల్లు చుట్టూ కోసి, గొట్టం వెంబడే చివరిదాకా వెళ్తాం. చిన్న ముక్క మిగిలినా కథ మళ్లీ మొదటికొస్తుంది. పక్కనే నరాలుంటాయి. అందుకే తొందరపడం."

పిడుగు ఆ బొమ్మ మీదికి వంగింది. "మరి వాపుంటే, డాక్టరాంటీ?"

"వాపుంటే లోపల అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. గొట్టమేదో నరమేదో తేల్చుకోవడం కష్టం. అందుకే ముందు మందులిచ్చి వాపు తగ్గిస్తాం, ఆ తర్వాతే కోత."

పిడుగు చెయ్యి పై గుండీ దగ్గరికి వెళ్లి ఆగింది. ఈత కొలను కళ్లముందు మెదిలింది. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా గుండీ తీసి, ప్లాస్టర్ పీకేసింది.

"నేనే మూశాను," అంది.

అమ్మ ఆ వాపుని చూసింది, ప్లాస్టర్‌ని చూసింది. ఆ తర్వాత తిట్లు లంకించుకుంది. డాక్టరుగారు చెయ్యెత్తి ఆపారు.

"తిట్లు ఇంటికెళ్లాక కానివ్వండి. ముందు నన్ను చూడనివ్వండి."

చూశారు. మెల్లిగా తడిమారు. "రేపు కుదరదు. ఈత పోటీలు కూడా ఈసారికి లేనట్టే. కానీ నేను చూడకముందే చెప్పావు చూడు, అది నాకు నచ్చింది."

పోటీలు పిడుగు లేకుండానే జరిగిపోయాయి. ఆ రోజు దుప్పటి ముసుగేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వాపు పూర్తిగా తగ్గాక ఆపరేషన్ చేశారు. "గొట్టం మొత్తం వచ్చేసింది," అని డాక్టరుగారు చెబితే, సగం మత్తులోనే "ఏదీ, చూపించండి," అంది పిడుగు.

మళ్లీ బడికెళ్లే రోజు అమ్మ పై గుండీ పెట్టబోయింది.

"వద్దమ్మా, ఉక్కపోస్తుంది," అంది పిడుగు.

క్లాసులో అడుగుపెట్టగానే పక్క సీటు పిల్ల కళ్లు ఆ సన్నని ఎర్ర గీత మీద పడ్డాయి. "అదేంటే?"

పిడుగు కాలర్ ఇంకాస్త పక్కకి లాగి, చాక్‌పీస్ అందుకుని, బోర్డు మీద ఇంత పెద్ద మెడ గీసింది. ఒక్కొక్కరే చుట్టూ మూగారు. గంట కొట్టింది. ఎవరికీ వినపడలేదు.

"ఏంటా గుంపు? వెళ్లి కూర్చోండి!" అన్నారు టీచర్ గుమ్మంలోంచి.

"ఒక్క నిమిషం టీచర్," అంది పిడుగు వెనక్కి తిరక్కుండానే, "ఇప్పుడే నరం పక్కకొచ్చాం!"