కళ్లం మీద మేడ నీడ

తొమ్మిదిన్నరకి మంచు విడింది. పదికి ఎండ వచ్చింది. గంగ కళ్లానికి మాత్రం రాలేదు.

ఆమె పెరటి అంచున చెక్క పార పట్టుకుని నిలబడి చూస్తోంది. ఎదురింటి అచ్చియమ్మ రేకుల మీద ఎండ. వీధి చివర చర్చి గోడ మీద ఎండ. రోడ్డు వారన బొంగు చికెన్ బళ్ల మీద, విశాఖ నుంచి వచ్చిన కార్ల మీద ఎండ. తన టార్పాలిన్ మీద పోసిన కాఫీ గింజల మీద మాత్రం నీడ. పెరటికి దక్షిణాన ఐదంతస్తుల మేఘమాల అపార్ట్‌మెంటు. పొద్దున్న దాని నీడ కళ్లం పడమటి కొసన దిగుతుంది. పొద్దు వాలేసరికి తూర్పు కొసకి జరుగుతుంది. రోజు మొత్తం మీద కళ్లానికి దక్కేది అరగంట ఎండ.

గంగ ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికింది. ఆరిన గింజ టక్కున విరగాలి. ఇది మైనంలా నొక్కుకుపోయింది. పది రోజులైంది పోసి.

పోయిన వారం కాఫీ కొనే సంఘం వాళ్లు ఆమె మూట విప్పి, పిడికెడు తీసి వాసన చూసి, బూజు వాసనమ్మా అని వెనక్కి ఇచ్చేశారు. పదకొండేళ్లలో గంగ మూట వెనక్కి రావడం అదే మొదలు. ఇంకో మూట వెనక్కి వస్తే పేరు తీసేస్తామని కూడా చెప్పారు. వీధిలో మరో నాలుగిళ్ల పంట ఆరేది కూడా ఈ కళ్లంలోనే.

"వదినా, నీ అర్జీ ఏటైంది?" అచ్చియమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"ఇరవై రోజులైంది. ఆళ్లు కూడా నీడలోనే ఆరబెట్టినట్టున్నారు."

అచ్చియమ్మ నవ్వింది. ఈ ఏడాదిలో ఆ వీధిలో నవ్వులు తగ్గాయి. మేడ లేచాక అద్దెలు పెరిగి ఇద్దరు టీచర్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. కొండ ఊట నుంచి వచ్చే నీటి పైపు పగలు సగం సేపు మేడ ట్యాంకుకే పోతోంది. శుక్రవారం సంతకి కావిడితో పోయే దారిలో కార్లు నిలబెడుతున్నారు. అన్నీ ఓర్చుకుంది గంగ. ఎండ పోయాక మాత్రం సోమవారం అర్జీల రోజున పాడేరు కలెక్టరాఫీసుకి వెళ్లింది. మూడంతస్తులకి అనుమతి, ఐదు కట్టారు, నా కళ్లం చచ్చిపోయింది అని రాయించి ఇచ్చి వచ్చింది.

పదిన్నరకి పంచాయతీ సెక్రటరీ సురేంద్ర బండి ఆపాడు. చేతిలో కవరు.

"మీ అబ్బాయి ఫల్గుణ ఉన్నాడా అమ్మా?"

"పనిలోకి ఎల్లాడు. ఏటి బాబూ?"

"నోటీసు. సంతకం పెట్టి తీసుకోవాలి."

"నా అర్జీకి జవాబా? నాకివ్వు మరి."

"మీ అర్జీ మీదే వచ్చింది. కానీ మీకు కాదు. మేడ యజమానికి."

"అయితే ఆ మేడకి పట్టుకెళ్లు. నా గుమ్మంలోకి తెచ్చావేటి?"

సురేంద్ర కవరు వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు.

"మేడ యజమాని వంతల ఫల్గుణ. ఇంటి నంబరు ఇదేనమ్మా."

"ఆ పేరు ఇంకెవులికైనా ఉంటాది."

"తండ్రి పేరు ధర్మ అని ఉంది."

ధర్మ గంగ భర్త. పోయి ఆరేళ్లు. గంగ చేతిలో చెక్క పార గింజల మీద పడింది.

ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనుడే కొనాలి. ఆ చట్టం అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. మైదానం వాళ్లు వచ్చి మేడ కట్టాలంటే ముందు ఒక కొండవాడి పేరు కావాలి. ఆ పేరు ఎవరిదో వీధిలో అందరూ వెతికారు. గంగ అందరికంటే ఎక్కువ వెతికింది. తన ఇంట్లో మాత్రం వెతకలేదు.

"సోమవారం విచారణ," అన్నాడు సురేంద్ర. "ఆయన్ని తప్పకుండా రమ్మనండి."

వెనక గుమ్మంలో కోడలు సోని నిలబడి ఉంది. చేతిలో అంబలి గిన్నె.

"నీకు తెలుసా?" గంగ అడిగింది.

"నాలుగు నెల్లయ్యింది అత్తా. సెప్పొద్దన్నాడు."

"నాలుగు నెల్లు నా పక్కన కూకుని తిన్నావు గదే."

సోని గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది.

* * *

ఫల్గుణ మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. రోజూలాగే నీలం చొక్కా, మెడలో మేఘమాల మేనేజరు అని కార్డు. మంచం మీద కవరు చూశాడు. ఆగిపోయాడు.

"కూకో," అంది గంగ. "కూడు తర్వాత. ముందు సెప్పు."

"అమ్మా, అది..."

"ఆ బూమి మీ పెదనాన్నది. ఎవులు కొన్నారు?"

"నేను. కాగితం మీద."

"డబ్బు ఎవులిది?"

"కొండ కింద నుంచి కారులో వస్తారు గదా, దుర్గాప్రసాద్ గారిది."

"నీదేటి మరి?"

"పేరు." కార్డు వేలితో తడిమాడు. "ఉద్యోగం."

గంగ కొడుకు మెడలో కార్డు పట్టుకుని చూసింది. ఫొటోలో నవ్వుతున్నాడు.

"నేను సంతకం పెట్టకపోతే డుంబ్రిగుడ నుంచి ఇంకొకణ్ణి తెచ్చేవాడమ్మా. మేడ ఎలాగూ లేస్తాది. మన పేరు మీదుంటే మనకే మేలు అనుకున్నాను. కళ్లం సంగతి కూడా సూశాను. ఒట్టు. పెదనాన్న జాగాలో సిల్వర్ ఓక్ సెట్టు ఉండేది గదా, ఐదంతస్తులంత ఎత్తు. దాని నీడ కొలిసాను. కంచె దాటలేదు."

"ఎప్పుడు కొలిసావు?"

"ఇటుకల పండగ రోజుల్లో."

గంగ కళ్లు మూసుకుంది. ఇటుకల పండగ చైత్రంలో వస్తుంది. అప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. చెట్టు నీడ చెట్టు కిందే ముడుచుకుంటుంది. కాఫీ ఆరేది పుష్యంలో. అప్పుడు సూర్యుడు దక్షిణానికి జారి, కొండల మీద మోకాళ్లెత్తున నడుస్తాడు. కాఫీ తోట పెట్టిన ఇంట్లో పుట్టి, ఎండ ఏ నెలలో ఎటు నడుస్తుందో చూడకుండా సంతకం పెట్టాడు.

"ఇంటరు సదివించాను నిన్ను," అంది. "ఒక్కమాట నన్నడిగితే నీ సొమ్మేం పోయింది?"

"అడిగితే ఒప్పుకుంటావా నువ్వు?"

"ఒప్పుకోను. అందుకే అడగాల."

ఫల్గుణ గొంతు పెంచాడు. "అర్జీ ఎనక్కి తీసుకో అమ్మా. లేకపోతే కేసు నా మీద పడతాది. దుర్గాప్రసాద్ మీద కాదు. నీ కొడుకుని నువ్వే స్టేషన్‌కి పంపినట్టు."

అంతలో గంగకి ఇంకో మాట గుర్తొచ్చింది. పోయిన ఏడాది మాట.

"మీ పెదనాన్న ఆ రోజు నాతో ఏటన్నాడో తెలుసా నీకు?"

ఫల్గుణ తల దించుకున్నాడు. తెలుసు.

జేసీబీ దిగిన రోజు గంగ బావ సోంబరు ఇంటి మీదికి వెళ్లింది. కొండ కిందోళ్లకి భూమి అమ్ముకున్నావని వీధంతా వినేలా అరిచింది. నా మొగుడు బతికుంటే నీ గుమ్మం తొక్కేవాడు కాదంది. సోంబరు ఒకటే మాట అన్నాడు. "మనోడికే ఇచ్చాను గంగా." అబద్ధం అని ఉమ్మేసి వచ్చింది. ఆ ఏడు కొర్ర కొత్త పండగకి కొత్త గింజ వండి అన్నదమ్ముల ఇళ్లు కలిసి తినాలి. గంగ తన ఇంటికే వండుకుంది. ముసలాడి ఇంటికి పిడికెడు కూడా పంపలేదు. సంతలో ఎదురైతే పక్క సందులోకి తిరిగింది. ఇదంతా చూస్తూ కొడుకు పక్కనే ఉన్నాడు.

గంగ లేచింది. సోని కింద పెట్టిన అంబలి గిన్నె తీసుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచింది.

* * *

సోంబరు చర్చి వెనక రెండు గదుల్లో ఉంటున్నాడు. గుమ్మంలో కూర్చుని తట్టకి వెదురు బద్ద అల్లుతున్నాడు. మరదలు రావడం చూసి చేతులు ఆపాడు. గంగ గిన్నె ఆయన ముందు పెట్టింది. ఏడాది నుంచి దాచిన మాటలన్నీ తిట్లే. ఇప్పుడు మంచి మాట ఒక్కటీ దొరకలేదు.

"సల్లారిపోయింది బావా."

"పరవాలేదు."

ఆయన రెండు గుక్కలు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "తెలిసిందా?"

"నోటీసు వచ్చింది. నువ్వెందుకు సెప్పలేదు?"

"గుంటడు నా కాళ్లు పట్టుకున్నాడు. అమ్మకి తెలిస్తే సచ్చిపోతాదన్నాడు."

"అందుకని నన్ను తిట్టనిచ్చావా? ఏడాది?"

"తిడితే నన్నే గదా తిట్టావు. ఆణ్ణి కాదు గదా."

గంగకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. ఏడ్చింది. సోంబరు ఆపలేదు. బద్ద తీసుకుని మళ్లీ అల్లడం మొదలుపెట్టాడు. ఆమె ఏడుపు తగ్గాక అన్నాడు.

"ఆడు సెట్టు నీడ కొలిసాడంట. నన్నడిగితే సెప్పేవోణ్ణి. సెట్టు నీడ నడుస్తాది. మేడ ఎడల్పు, దాని నీడ కూకుంటాది."

"ఇప్పుడేటి సెయ్యాల బావా? అర్జీ ఉంచితే గుంటడు పోతాడు. తీస్తే కళ్లం పోతాది. ఎటు తిరిగినా నాదే పోతాది. ఆ కార్ల బాబుకి మాత్రం ఏటీ పోదు."

గంగ తలెత్తి ఇళ్ల మీదుగా మేడ కేసి చూసింది. పైన డాబా అంతా ఎండ. తెల్లటి, ఖాళీ ఎండ. వచ్చే నెల అక్కడ గొడుగుల కింద హోటలు పెడతారట. ఆమె చాలాసేపు చూసింది.

"బావా. కాగితం మీద మేడ ఎవులిది?"

"మన గుంటడిది."

"మరి మెట్లు ఎవులియి?"

ముసలాడి చేతిలో బద్ద ఆగింది. మెల్లగా నవ్వాడు. నోట్లో పళ్లు నాలుగే.

* * *

గురువారం పదింటికి వీధిలో ఐదిళ్ల వాళ్లు తట్టలెత్తుకుని మేఘమాల మెట్లెక్కారు. ముందు గంగ, వెనక అచ్చియమ్మ, ఆ వెనక సోని. లిఫ్టు ఉంది. దానికి కార్డు కావాలి. అందుకని ఐదంతస్తులూ నడిచారు. మూడో అంతస్తులో అచ్చియమ్మ తట్ట దించి ఆయాసపడింది.

"వదినా, మీ గుంటడు రెండు అంతస్తులు కట్టి ఆగుంటే బాగుండును."

డాబా మీద టార్పాలిన్లు పరిచారు. గింజలు పోశారు. సోంబరు చివర వచ్చాడు, భుజం మీద గోనెతో. ఫ్లాట్లలో దిగినవాళ్లు పైకి వచ్చి ఫోన్లలో వీడియోలు తీసుకోవడం మొదలుపెట్టారు.

పదకొండుకి దుర్గాప్రసాద్ తెల్ల కారు వచ్చింది. వెనకే ఫల్గుణ పరుగున పైకి వచ్చాడు. దుర్గాప్రసాద్ లిఫ్టులో వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి.

"ఏంటమ్మా ఇది? అతిథులు ఉన్నారు. బాగోదు. కిందికి దించేయండి."

"కింద ఎండ లేదు బాబూ. మీరే తీసుకున్నారు."

"చూడండి, మీరు పెద్దవాళ్లు. గొడవ వద్దు. పోలీసుల్ని పిలవాల్సి వస్తుంది."

"పిలు. ఏటని సెప్తావు?"

"నా బిల్డింగులోకి..."

ఆగాడు. చుట్టూ ఫోన్లు. గంగ చేతులు నడుం మీద పెట్టుకుంది.

"ఆగిపోయావేటి? అను. నీ బిల్డింగు అని గట్టిగా అను. అందరూ ఇంటారు. సోమవారం ఆఫీసులో కూడా అదే మాట అందువు గాని."

దుర్గాప్రసాద్ ముఖం ఎర్రబడింది. ఫల్గుణ వైపు తిరిగాడు. "నిలబడి చూస్తావేంటి? దించు వీళ్లని. మేనేజరువి కదా."

ఫల్గుణ తల్లి వైపు చూశాడు. పెదనాన్న వైపు చూశాడు. సోంబరు వంగి గింజలు సర్దుతున్నాడు. తల కూడా ఎత్తలేదు. ఫల్గుణ మెడలో కార్డు తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలో తిప్పాడు. చివరికి దుర్గాప్రసాద్‌కి ఇచ్చాడు.

"మేనేజరు పని వొద్దండి. ఓనర్ని నేనే గదా. మీరే రాయించారు."

"ఏం మాట్లాడుతున్నావో తెలుసా? కేసు నీ మీదే పడుతుంది."

"తెలుసండి. సోమవారం ఉన్నది ఉన్నట్టు సెప్పేస్తాను. డబ్బెవులిది, సంతకమెవులిది, అన్నీ. పై రెండు అంతస్తులు కూల్చమంటే కూల్చుకోమంటాను. నా మీద ఏటి పడినా పడనీండి."

దుర్గాప్రసాద్ ఫోన్ల వైపు చూసి లిఫ్టులోకి వెళ్లిపోయాడు. లిఫ్టు తలుపు మూసుకుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంతోషం కూడా లేదు. గంగ పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూసింది. తన ఇల్లు అగ్గిపెట్టెంత ఉంది. కళ్లం నీడలో నల్లగా ఉంది. సోమవారం ఏమవుతుందో తెలియదు. మేడ కూలినా ఈ ఏటి పంటకి ఆ కళ్లం పనికిరాదు. కొడుకుని అధికారుల ముందు నిలబెట్టబోయే అర్జీ మీద ఉన్నది తన వేలిముద్రే.

వెనక నుంచి ఫల్గుణ వచ్చాడు. "అమ్మా. నన్ను తిట్టు."

"తిడతాను. ఏడాదికి సరిపడా ఉన్నాయి. మీ పెదనాన్నకి పడ్డవన్నీ నీకు బాకీ."

"అలాగే."

"సోమవారం నేనూ వస్తాను. మీ పెదనాన్న కూడా వస్తాడు. ఒక్కడివే ఎల్లక్కర్లేదు."

ఫల్గుణ నీలం చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. గంగ చూడనట్టు వంగి ఒక గింజ తీసి అతని చేతిలో పెట్టింది.

"కొరుకు."

కొరికాడు. "ఇంకా మెత్తగానే ఉంది."

"సోమవారానికి నాలుగు ఎండలున్నాయి." చెక్క పార అతని చేతికిచ్చింది. "గంటకోసారి తిరగెయ్యి. బేగి మొదలెట్టు, పొద్దు దక్షిణంగా నడిసే కాలం. ఎంతోసేపు ఉండదు."