పన్నెండు అంటే ఏమిటి?

"కాఫీ చల్లారిపోతోందని నాన్నతో చెప్పమ్మా" అంది కూతురు, నాన్నకు మూడడుగుల దూరంలో నిలబడి.

"విన్నానని చెప్పు" అన్నాడు మేస్త్రి గ్లాసు అందుకుంటూ.

మధ్యలో స్టవ్ దగ్గర నిలబడ్డ తల్లి ఎవరికీ ఏమీ చెప్పలేదు. "రెండేళ్ళుగా మీ ఇద్దరి రాయబారం మోస్తున్నాను. సోమవారంతో నాకూ విశ్రాంతి" అని గొణిగి, పాలగిన్నె దించేసింది.

సోమవారం కూతురు వేరే ఊరు వెళ్ళిపోతోంది. ఇక్కడి కళ్ళద్దాల షాపులో పనిచేస్తోంది, ఆ ఊళ్ళో వాళ్ళు కొత్తగా తెరిచిన పెద్ద షాపుకు ఆమెను పంపుతున్నారు. ఆ సంగతి తెలిసినప్పుడు మేస్త్రి "మంచిదేగా" అన్నాడు. ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. అయినా బయటపడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, నాలుగో కాలు కనిపించినా కళ్ళు మూసుకుంటాడు తప్ప ఒప్పుకోడు.

మేస్త్రిది కార్ల చక్రాలకు కొత్త మెరుగు పెట్టే పని. మామూలు చక్రాలు ఎవరైనా చేస్తారు. ముక్కలుగా చేసి బోల్టులతో బిగించిన చక్రాలు మాత్రం ఊరు ఊరంతా ఈయన దగ్గరికే వస్తాయి. నడిమి భాగం వేరు, అంచు వేరు, లోపలి గిన్నె వేరు. చుట్టూ ముప్ఫై చిన్న బోల్టులు. వాటి తలలు మామూలు బోల్టుల్లా ఆరు పలకలుగా ఉండవు, చుట్టూ పన్నెండు పళ్ళుంటాయి. పైగా మర చుట్లలో గట్టి జిగురు. వేడి చేసి, తలకు సరిగ్గా తొడుక్కునే సాకెట్‌తో మెల్లగా తిప్పితేనే వస్తాయి. తప్పు సాకెట్ పెట్టి బలం చూపిస్తే తల గుండ్రంగా అరిగిపోతుంది. ఇక దాన్ని బ్రహ్మదేవుడు కూడా విప్పలేడు, డ్రిల్లు పెట్టి తొలచాల్సిందే.

వర్క్‌షాప్ ఇంటి వెనకే. వంటింటి తలుపు నుంచి పది అడుగులు. ఏడేళ్ళపాటు కూతురు ఆ పది అడుగులూ రోజుకు నలభైసార్లు తిరిగింది. చదువు అయ్యాక కూడా ఇదే పని అంది, ఎవరు నవ్వినా పట్టించుకోలేదు. రెండేళ్ళ కిందట ఒక పెద్దమనిషి తెచ్చిన చక్రాలు విప్పుతూ పదకొండు బోల్టుల తలలు అరగ్గొట్టేసింది. మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పెద్దమనిషి ముందే "అవి చేతులా రోకళ్ళా? నువ్వు ఈ పనికి పనికిరావు, ఇంకెప్పుడూ నా సామాను ముట్టుకోకు" అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు అదే పెద్దమనిషి మరో కారు కొని, దాని చక్రాలు తెచ్చాడు. రెండు విప్పడం అయింది. మూడోది సగంలో ఉండగా నిన్న సాయంత్రం సాకెట్ కాస్తా పగిలింది. ఇవాళ గురువారం, పదింటికి ఆయన పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి వస్తానన్నాడు.

"ఏమే, కూరలకు వెళ్తూ మూలనున్న సామాన్ల షాపులో సాకెట్ ఒకటి పట్టుకురా. పన్నెండు అని చెప్పు" అన్నాడు మేస్త్రి భార్యతో.

"విరిగిన ముక్క ఇవ్వండి, చూపించి తెస్తాను."

"అక్కర్లేదు. పన్నెండు అంటే ఎవడికైనా తెలుస్తుంది. నలభై ఏళ్ళుగా అదే మాట."

ఆవిడ వెళ్ళింది, అరగంటలో వచ్చింది. పొట్లం విప్పి చూడగానే మేస్త్రి గొంతు వీధి దాకా వినిపించింది.

"ఇదేంటే? నేను చెప్పిందేంటి, నువ్వు తెచ్చిందేంటి? ఇది పన్నెండో నంబరు సైజుది! ఆరు పలకలది! దీన్ని పెడితే బోల్టు తల మిగులుతుందా?"

"మీరు చెప్పింది పన్నెండే కదండీ!"

"పన్నెండు అంటే పన్నెండు పళ్ళది! ఆ మాత్రం తెలియదా ఆ షాపువాడికి?"

"వాడికెలా తెలుస్తుంది? మీ మాట అర్థమయ్యే షాపు పెద్దాయన పోయి నాలుగేళ్ళయింది. ఈ అబ్బాయి ఆయన మనవడు. పన్నెండు అన్నాను, పన్నెండో నంబరు ఇచ్చాడు. పళ్ళు అని మీరు ఎప్పుడన్నారు?"

"అడగాలి కదా!"

"అడిగాను నాన్నా."

వంటింటి గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. నేరుగా తనతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. మేస్త్రి ఉలిక్కిపడ్డాడు.

"ఆ రోజు నువ్వు బయట ఆయనతో మాట్లాడుతున్నావు. 'పన్నెండు పెట్టి విప్పెయ్' అన్నావు. అంతకు ముందు అవి ఎప్పుడూ నువ్వే విప్పేవాడివి, నా చేతికి ఇచ్చింది అదే మొదటిసారి. పన్నెండో నంబరు బిర్రుగా ఉంది, ఎక్కడం లేదు. గుమ్మం దాకా వచ్చి 'పన్నెండేనా నాన్నా' అని అడిగాను. 'చెవుడా? పన్నెండే, కొట్టి ఎక్కించు' అన్నావు. సుత్తితో కొట్టి ఎక్కించాను."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"పనికిరావు అన్నాక ఇంకేం చెప్పను? నిజంగానే నాకు చేతకాలేదనుకున్నాను. ఆర్నెల్ల తర్వాత కళ్ళద్దాల షాపులో తలకు పళ్ళున్న ఒక స్క్రూ చూస్తుంటే వెలిగింది, నువ్వు అన్నది పళ్ళ లెక్క అని. అప్పటికి చెప్పాలన్న కోరిక చచ్చిపోయింది."

మేస్త్రి ఆ కొత్త సాకెట్‌ను బల్ల మీద పెట్టేశాడు. ఆమె గుమ్మంలోకి రావడం, తను వెనక్కి తిరగకుండానే కసరడం, అన్నీ కళ్ళకు కట్టాయి. పన్నెండు అన్న మాట తనకూ, తనకు పని నేర్పిన గురువుకూ, ఆ షాపు పెద్దాయనకూ మధ్య పుట్టింది. ఇద్దరూ పోయారు. ఇప్పుడు ఆ మాట అర్థమయ్యేది లోకంలో తనొక్కడికే. తనొక్కడికే తెలిసిన మాట తెలియలేదని కన్నకూతుర్ని పనికిరానిదాన్ని చేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన జారిన నోటితో రెండేళ్ళు అన్నం తిన్నాడు.

కూతురు బల్ల మీది విరిగిన ముక్క తీసుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచింది. పావుగంటలో సరైన సాకెట్‌తో వచ్చింది. నేరుగా వర్క్‌షాప్‌లోకి వెళ్ళి, హీటరు పెట్టి బోల్టు చుట్టూ వేడి చేసి, మెల్లగా తిప్పింది. టిక్కుమని వదిలింది. మేస్త్రి పక్కన నిలబడి చూశాడు. ఆ చేతుల్లో తొందర లేదు, తడబాటు లేదు. ఆయనకు ఏడుపొచ్చింది.

పదింటికి పెద్దమనిషి వచ్చాడు. మేస్త్రి ఆయనకు కుర్చీ కూడా చూపించలేదు.

"అయ్యా, ముందు ఒక మాట వినండి. అప్పట్లో మీ చక్రాల బోల్టులు పాడయ్యాయి కదా, మా అమ్మాయిని మీ ముందే తిట్టాను. తప్పు అమ్మాయిది కాదండీ. నాది. నేనే తప్పు చెప్పాను."

పెద్దమనిషి అయోమయంగా చూశాడు. "బోల్టులా? ఎప్పుడండీ? నాకు అలాంటిదేమీ గుర్తు లేదే! చక్రాలు బ్రహ్మాండంగా చేసిచ్చారుగా. అందుకేగా మళ్ళీ వచ్చాను."

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి ముందు పరువు పోయిందని ఆమె రెండేళ్ళు వర్క్‌షాప్ గడప తొక్కలేదో, ఆయనకు ఆ సంగతే గుర్తు లేదు. కూతురు ముందు నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"సోమవారం మధ్యాహ్నానికి ఇస్తే చాలు, తొందరేం లేదు" అనేసి ఆయన వెళ్ళిపోయాడు.

"ఉండిపోవే తల్లీ" అన్నాడు మేస్త్రి. "ఈ షాపు నీది. బోర్డు మీద నీ పేరే రాయిస్తాను."

"సంతకం పెట్టేశాను నాన్నా. ఆ ఉద్యోగం నాకు నచ్చింది కూడా. నీ మీద కోపంతో వెళ్ళడం లేదు." చేతిలోని సాకెట్ బల్ల మీద పెట్టింది. "కిందటేడు అడిగుంటే ఉండిపోయేదాన్ని."

ఆయన తలూపాడు.

"సోమవారం ఎన్నింటికి బస్సు?"

"సాయంత్రం నాలుగింటికి. ఇవన్నీ అయ్యాకే వెళ్తాను."

నాలుగు చక్రాల పని ఒంటిచేత్తో మూడు రోజుల్లో తేల్చేస్తాడని మేస్త్రికి పేరు. ఇద్దరు చేస్తే రెండు రోజులు కూడా పట్టదు. శుక్రవారం ఆయన ఒక్క అంచును ఆరుసార్లు పాలిష్ చేశాడు. శనివారం బాగున్న రంగును గీకేసి మళ్ళీ మొదటి నుంచి వేయించాడు. తల్లి గుమ్మంలోంచి చూసి, "ఏమిటండీ ఈ నత్తనడక? ఎప్పటికవుతుంది?" అంది.

"మంచి పనికి టైం పడుతుందే" అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

కూతురు అప్పటికి పదిహేను బోల్టులు బిగించింది. నాన్న వైపు ఒకసారి చూసింది. తర్వాత ఆ పదిహేనూ ఒక్కొక్కటే విప్పి, పళ్ళెంలో పెట్టి, మళ్ళీ మొదటి బోల్టు చేతిలోకి తీసుకుంది.