అమ్మ చీర వాసన

సాయంత్రం శిశుశాలకి వచ్చిన వకుళకి ఒళ్ళు మండిపోయింది. తన పాప ఎవరిదో ఆకుపచ్చ చీర ఉయ్యాలలో ఆదమరిచి నిద్రపోతోంది. తను పొద్దున్నే విడిచి తెచ్చిన నీలం చీరలో ఇంకెవరి పిల్లాడో ఊగుతున్నాడు. తల్లి కట్టి విడిచిన చీరలో, ఆ వాసనలో బిడ్డని పడుకోబెట్టాలని ఆయాకి చెప్పీ చెప్పీ వకుళ నోరు పడిపోయింది.

ఆయా సింహాచలం తాపీగా నవ్వి, "ఏ చీరైతే ఏటమ్మా? అన్నీ ఒకటే వాసన. పిల్లలకి తేడా తెలీదు" అంది.

వకుళ బాధా అదే. తేడా ఎలా తెలుస్తుంది? విశాఖ మొత్తంలో గంధక పట్టీ లేని జబ్బ లేదాయె. ఆ పట్టీ రోజంతా కొద్దికొద్దిగా గంధక సమ్మేళనాలని ఒంట్లోకి వదులుతుంది. ఆ ఘాటుకి కణాలు ఉలిక్కిపడి, తమకి తుప్పు పట్టకుండా కాచే రక్షకాలని తామే బోలెడు తయారు చేసుకుంటాయి. ముసలితనం వాయిదా పడింది, గుండెపోట్లు తగ్గాయి. ఊరందరి చెమటా మాత్రం ఒకటే వెల్లుల్లి కంపు. పెద్దవాళ్ళ ముక్కులు అలవాటు పడ్డాయి. పసిపిల్లల ముక్కుల్ని ఎవరడిగారు గనక!

పాప లేచింది. వకుళ ఎత్తుకుంటే నవ్వింది. సింహాచలం ఎత్తుకున్నా అదే నవ్వు నవ్వింది.

ఇంటికి రాగానే వకుళ పట్టీ పీకి పారేసింది. తన బిడ్డకి తన వాసన తెలియాలి, అంతే. చేతి గడియారం కణరక్షణ తగ్గుతోందంటూ సొద మొదలెట్టింది. దాని నోరు నొక్కేసింది. తొందరగా ముసలిదానివైపోతావని మొగుడు మురారి నచ్చజెప్పబోతే, అయితే అవుతాను, నీకేం పోయిందని కసిరింది. రోజూ సున్నిపిండితో ఒళ్ళు రుద్దుకుంది. వారం తిరిగేసరికి వెల్లుల్లి వదిలి, చిన్నప్పుడు తన తల్లి మెడ దగ్గర పీల్చిన వాసనలాంటిదేదో తన ఒంటినుంచే వచ్చింది.

పాప పేచీ మాత్రం రోజురోజుకీ పెరిగింది. ఆ సాయంత్రం శిశుశాలలో పాలివ్వబోతే గుక్కపట్టి ఏడ్చింది. మొహం తిప్పేసుకుని సింహాచలం వైపు చేతులు చాచింది.

"నేనేనే తల్లీ, అమ్మని" అని వకుళ బతిమాలింది.

ఈసారి సింహాచలం నవ్వలేదు. "కడుపులో ఉన్నప్పట్నుంచీ దానికి ఆ ఘాటే అమ్మ, తల్లీ. కొత్త మనిషివనుకుంటోంది. ముందు దాని ఆకలి చూడు" అంటూ ఉయ్యాలలోంచి ఆకుపచ్చ చీర విప్పి వకుళ భుజాల మీద కప్పింది.

ఎవరిమీద అరవాలో వకుళకి తెలియలేదు. పాప ఏడుపు ఆపింది. చీరలో ముక్కు దూర్చి, గుటకలేస్తూ కడుపునిండా తాగింది. తాగినంతసేపూ చీర చెంగు పిడికిట్లోంచి వదల్లేదు.

ఆ చీర ఎవరిదో వకుళ అడగలేదు.