కంప్యూటర్ గదిలో నిమ్మకాయ

కరీముద్దీన్ సారు మూడోసారి స్విచ్ నొక్కారు. కంప్యూటర్ లేవలేదు.

ఏడో తరగతి పిల్లలు చెప్పులు బయట విడిచి, చల్లటి షాబాదు బండల మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీకి నల్ల కాగితం అంటించి ఉంది. తాండూరులో రాళ్ల పాలిషింగు దుమ్ము అంతా ఇంతా కాదు. అది లోపలికి రాకూడదని ఆ ఏర్పాటు. అందుకే అక్కడ పట్టపగలు కూడా మసక చీకటే. ఆ చీకట్లో తెర మీద ఒక ఆకుపచ్చ గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది. అక్షరం ఒక్కటీ రాలేదు.

అది 1988. కంప్యూటర్ బడికొచ్చి ఏడాది కూడా కాలేదు. దసరా సెలవులకు ముందు చక్కగానే పనిచేసింది. సెలవులయ్యాక గది తెరవడం ఇదే మొదలు.

సారు స్విచ్ ఆపేశారు. ఫ్యాను రొద ఆగింది. అప్పుడు వినబడింది ఆ చప్పుడు.

కర్... కర్... కర్...

"సార్, బంద్ చేసినంక గూడ చప్పుడొస్తుందేంది?" అంది దిల్షాద్.

సారు వంగి కంప్యూటర్‌కు చెవి ఆనించారు. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. లోపల ఎవరో కూర్చుని తమ మాటలు వింటున్నట్టు అనిపించింది పిల్లలకు.

"అరే, గిదేంది?" బాల్‌రాజ్ బల్ల కిందికి వంగి ఏదో బయటికి తీశాడు. సగానికి కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయ. ఎండి నల్లగా అయిపోయింది.

"బాణామతి!" అన్నారెవరో వెనక నుంచి.

బాణామతి అంటే చేతబడి. ఆ రోజుల్లో ఆ మాట వింటే పెద్దవాళ్లకే చెమటలు పట్టేవి. ఇక పిల్లలు ఆగుతారా? ఒకరినొకరు తోసుకుంటూ పరుగో పరుగు. కొందరు చెప్పులు కూడా తొడుక్కోలేదు.

చంద్రకళ మాత్రం కదల్లేదు. ధైర్యం ఉండి కాదు. ఆ నిమ్మకాయ తనదే.

చంద్రకళ నాన్న జంగప్ప రాళ్ల పాలిషింగు మిషన్ మీద పనిచేస్తాడు. దసరాకు ఆ మిషన్‌కు కుంకుమ పెడతారు, నిమ్మకాయ కోస్తారు, పిడికెడు అక్షింతలు చల్లుతారు. "గట్ల జేస్తెనే మిషిన్ ఏడాదంత ఆగకుండ తిరుగుతది" అంటాడు ఆయన. బడిలో మాత్రం సారు, "కంప్యూటర్ మీద ఏం చల్లొద్దు" అని గట్టిగా చెప్పారు. పాపం, దానికి పండుగే లేకుండా పోయిందని చంద్రకళకు జాలేసింది. సెలవులిచ్చిన రోజు అందరూ వెళ్లాక, గదికి తాళం పడకముందే నిమ్మకాయ కోసి బల్ల కింద పెట్టింది. అక్షింతలు కంప్యూటర్ మీద చల్లింది. అవి పైనున్న సందుల్లోంచి గలగలా లోపలికి జారిపోయాయి.

'నా పూజకు ఏదో వచ్చి లోపల కూసుందా?' అనుకుంది ఇప్పుడు.

ఆ గది రోజూ ఊడ్చేది ఆయా కాశమ్మ. ఇంకెవరి చేతికీ తాళం ఇవ్వరు. అందుకే బాణామతి చేసింది ఆమేనన్నారు. గోరంత మాట ఇంటర్వెల్‌కల్లా కొండంతయింది. వరండాలో నీళ్ల కుండ దగ్గర కాశమ్మ గ్లాసు నింపి చాపింది.

"దూప కాలేదా బిడ్డా? తాగుండ్రి."

పిల్లలు రెండడుగులు వెనక్కి వేశారు. చంద్రకళ కూడా వాళ్లలోనే నిలబడింది. నీళ్ల గ్లాసు పట్టుకున్న కాశమ్మ చేయి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఇంటికి వెళ్తే అక్కడా అదే మాట.

"రేపట్సంది కాశమ్మ చేతి నీళ్లు తాగకు" అంది అమ్మ శాంతవ్వ, అన్నం పెడుతూ. "ఆమె ఏదో జేసిందంట. హెడ్మాస్టరు పనిల కెల్లి తీసేస్తడంట."

"ఎవరన్నరమ్మా?"

"ఊరంత అంటుండ్రు."

చంద్రకళ కలిపిన ముద్దను మళ్లీ కంచంలోనే పెట్టేసింది.

మర్నాడు మబ్బు పట్టింది. బెల్లు కొట్టక ముందే ఆమె కంప్యూటర్ గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపల కరీముద్దీన్ సారు ఒక్కరే ఉన్నారు.

"సార్... నిమ్మకాయ నాది. అక్షింతలు గూడ ఏసిన."

సారు చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టారు. తిడితే బాగుండుననిపించింది చంద్రకళకు.

"ఇయ్యాల గిది లేవకపోతే కాశమ్మను ఇంటికి పంపుతమన్నరు" అన్నారు సారు. "దా, లోపలికి దా. భయమైతుందా?"

"అయితుంది సార్."

"నాకు గూడ జర అయితుంది. అందుకే ఒక్కొక్కటి చూసుకుంట పోదాం. కరెంటు వస్తుందా?"

"బుగ్గ ఎలిగింది సార్."

"ఫ్యాన్?"

"తిరుగుతుంది."

"డిస్కు?"

చంద్రకళ చూసింది. రోజూ డిస్కు పెట్టగానే దాని పక్కనున్న చిన్న ఎర్ర బల్బు వెలిగి గుర్రుమనేది. ఇవాళ అక్కడ వెలుగూ లేదు, చప్పుడూ లేదు.

"దానికి కరెంటు పోతలేదు. డిస్కు చదవందే మిషిన్ లేవదు" అంటూ సారు ప్లగ్గు పీకేశారు. స్క్రూలు విప్పి, టార్చి లైటు ఆమె చేతికిచ్చారు.

కర్... కర్...

చంద్రకళ టార్చిని రెండు చేతులా పట్టుకుంది. సారు మూత పైకెత్తారు. వెలుగులో రెండు చిన్న కళ్లు మెరిశాయి! ఏదో నల్లగా సర్రున జారి, వెనకాల రేకు ఊడిన సందులోంచి దూకి, గోడవారగా మాయమైంది.

చంద్రకళ కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరువు బేటీ. గిటు చూడు."

లోపల ఓ మూల కిటికీ నల్ల కాగితం ముక్కలు, దూది, పసుపు అంటిన బియ్యపు నూక. వాటి మధ్య వేలెడంత కూడా లేని ఎలుక పిల్లలు గులాబీ రంగులో కదులుతున్నాయి.

"నువ్వు దావత్ ఇచ్చినవ్. తల్లెలుక సంసారమే పెట్టింది" సారుకు నవ్వాగలేదు. "బియ్యం అయిపోయినంక తీగ కొరికింది."

తెగిన తీగను సారు కలిపి నల్ల టేపు చుట్టారు. చంద్రకళ గూడును అట్టపెట్టెలోకి తీసి, బడి వెనక గోడ పక్కన పెట్టి వచ్చింది.

"హెడ్మాస్టర్ సారుకు నేను చెప్తలే" అన్నారు కరీముద్దీన్ సారు.

"ఎలుక సంగతి మీరు చెప్పుండ్రి సార్. నిమ్మకాయ సంగతి నేనే చెప్త."

ప్లగ్గు పెట్టారు. ఎర్ర బల్బు వెలిగింది. డిస్కు గుర్రుమంది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వరసగా పరుగెత్తాయి. చంద్రకళ హెడ్మాస్టరు గదికి వెళ్లి అంతా చెప్పింది. చీవాట్లు తిన్నది కూడా.

అయినా ఇంటర్వెల్‌లో కుండ దగ్గరికి ఒక్కరూ పోలేదు.

"ఎలుకైతే ఎలుక. మరి నిమ్మకాయ ఎవలు పెట్టిండ్రు?" అన్నాడు బాల్‌రాజ్. అందరూ కాశమ్మ వైపే చూశారు. ఆమె తల వంచుకుని, ఎవరూ ముట్టని గ్లాసును మళ్లీ మళ్లీ కడుగుతోంది.

చంద్రకళ వాళ్లను దాటుకుని ముందుకు నడిచింది.

"నిమ్మకాయ పెట్టింది నేను" అంది గట్టిగా. "మా నాయిన మిషిన్‌కు పెట్టినట్టె పెట్టిన. కాశమ్మవ్వకు ఏం తెల్వదు. నిన్ననే చెప్పాల్నుండె. భయమై చెప్పలే."

తర్వాత కాశమ్మ వైపు తిరిగింది. "అవ్వా, నీళ్లియ్యవా?"

కాశమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కుండలో చెంబు ముంచి, గ్లాసు నిండా పోసింది. చంద్రకళ రెండు చేతులా అందుకుని గటగటా తాగింది. కళ్లలోంచి నీళ్లు కారి గ్లాసులో పడుతున్నా ఆపలేదు.

ఆమె వెనకాల దిల్షాద్ వచ్చి నిలబడింది. ఆ తర్వాత బాల్‌రాజ్.

"మెల్లగ తాగు బిడ్డా, పొలమారుతది" అంది కాశమ్మ.